స్పీచ్ సీన్లు పక్కన పెట్టండి

కొత్తగా టీమ్ లీడ్ అయ్యానని, కంపెనీ ట్రైనింగ్‌లో సినిమా క్లిప్పులు వేసి లీడర్‌షిప్ నేర్పించారని రాశారు. వాటివల్ల నిజంగా ఏమైనా వస్తుందా అని అడిగారు. వస్తుంది. కాకపోతే ట్రైనింగుల్లో వేసే సీన్లతో కాదు.

నేను చెన్నైలో, అంబత్తూరు ఎస్టేట్‌లో ఒక ప్రెస్ షాపులో, అంటే ఇనుప రేకుని మెషీన్‌తో కొట్టి భాగాలు చేసే చోట, షిఫ్ట్ ఇన్‌చార్జిని. ఊరు గూడూరు వైపు. మా లైన్లో సగం మంది తమిళులు, కొందరు మనవాళ్లు, మిగతావాళ్లు ఒడిశా, బీహార్ నుంచి వచ్చారు. నేను ఏ భాషలో స్పీచ్ దంచినా సగం మందికి ఎక్కదు. అందుకే స్పీచ్ సీన్ల మీద నాకు మొదట్నుంచీ నమ్మకం లేదు. మన హీరో చెయ్యెత్తి నాలుగు డైలాగులు కొడితే ఊరంతా కదిలిపోతుంది. ఎందుకు కదలదు, కదలడానికే కదా జూనియర్ ఆర్టిస్టులకి బేటా ఇచ్చింది!

నాకు పనికొచ్చినవి చేతిలో అధికారం లేనివాడు నెగ్గుకొచ్చే సీన్లు. అన్నిటికంటే ముందు '12 యాంగ్రీ మెన్' (1957). సినిమా దాదాపు మొత్తం ఒకే గదిలో నడుస్తుంది. ఒక కుర్రాడు తండ్రిని చంపాడా లేదా అని పన్నెండుమంది జ్యూరీ తేల్చాలి. చేతులెత్తమంటే పదకొండుమంది దోషి అంటారు, హెన్రీ ఫోండా ఒక్కడే ఒప్పుకోడు. అలాగని కుర్రాడు నిర్దోషి అని కూడా అనడు. నాకు తెలీదు, కాసేపు మాట్లాడుకుందాం అంటాడంతే. వాదన కొంత నడిచాక, ఈసారి చీటీల మీద రాయండి, నేను ఓటు వెయ్యను, పదకొండూ దోషి అనే వస్తే నేనూ మీతోనే అంటాడు. ఒక చీటీ మారుతుంది. రాసింది ఓ ముసలాయన. ఇప్పుడు వెనక్కి తిప్పి మొదటి ఓటింగ్ చూడండి. కొన్ని చేతులు వెంటనే లేస్తాయి, కొన్ని పక్కవాళ్లని చూసుకుని మెల్లగా లేస్తాయి. ఆ మెల్లగా లేచే చేతులే టీమ్ లీడ్ గమనించాల్సినవి.

మా దగ్గర ఒక బ్రాకెట్ జాబ్‌లో రంధ్రం అంచున గరుకు లేస్తోంది, మేం బర్ అంటాం. రిజెక్షన్ పెరిగింది, కస్టమర్ ఫోన్లు మొదలయ్యాయి, అందరికీ టెన్షన్. షిఫ్ట్ మారేటప్పుడు మెషీన్ దగ్గరే నిలబడి మాట్లాడుకున్నాం. మా సీనియర్ ఫోర్‌మన్ కాయిల్, అంటే మేం వాడే రేకు చుట్ట, బాగాలేదు అనేశాడు. ఇంకేముంది, తలా ఒకసారి కాయిలే అన్నారు. నేను పాత జాబ్ కార్డులు చింపి ఒక్కో ముక్క చేతికిచ్చాను. పేర్లొద్దు, ఏ భాషైనా పర్లేదు, రాయడం రాకపోతే బొమ్మ గీయండి అన్నాను. ఎక్కువ చీటీల్లో మళ్లీ కాయిలే. ఒకదాంట్లో మాత్రం రంధ్రం బొమ్మ, దానికి ఒక్క పక్కనే గీతలు. పీస్ తిప్పి చూస్తే నిజమే, బర్ ఒక పక్కే ఉంది. తేడా కాయిల్‌లో ఉంటే చుట్టూ రావాలి. ఒక పక్కే లేస్తోందంటే పంచ్ (రంధ్రం పొడిచే కడ్డీ) సరిగ్గా డై (కింద ఉండే అచ్చు) మధ్యకి దిగట్లేదు. టూల్ రూమ్‌లో విప్పితే ఆ రెండింటినీ ఒకే వరసలో ఉంచే గైడ్ పిన్ను అరిగిపోయి ఉంది. బొమ్మ ఎవరు గీశారని నేను అడగలేదు. టూల్ దింపించే పని ఫోర్‌మన్ అన్నకే అప్పజెప్పాను, ఆయన మాట పోయినట్టు కాకూడదు కదా.

రెండోది మన 'మాయాబజార్'. అదీ 1957దే, కావాలని ఏరింది కాదు. ఇక్కడే వడపళనిలో, విజయా వాహినీ స్టూడియోలో తీశారు. ఇప్పుడు ఆ స్థలంలో కొంత భాగంలో మాల్ ఉంది. శిష్యుడొకడు లేని మాట పుట్టించి వాడితే గురువు చిన్నమయ్యకి నచ్చదు, ఘటోత్కచుడు మాత్రం అక్కడికక్కడే వీరతాళ్లు వేయిస్తాడు. రంగారావు గారి నటనకి నవ్వుకుని వదిలేస్తాం గానీ, మెచ్చుకోవడం ఎలాగో అందులో ఉంది. వెంటనే, అందరి ముందూ, ధైర్యం చేసినందుకు. మా లైన్లో ఎవరైనా మెషీన్ ఆపి, "అన్నా, సౌండ్ తేడాగా ఉంది" అంటే, తీరా చూస్తే ఏమీ లేకపోయినా సరే, శభాష్ అంటాను. కాంటీన్‌లో వడ నా ఖాతాలో. ఏడాది చివర అప్రైజల్‌లో రాసే మంచి మాట ఎవరికి గుర్తుంటుంది?

డైలాగులతో మాత్రం జాగ్రత్త. 'అపోలో 13' (1995)లో ఓటమి అనే దారే మనకి లేదు అనే అర్థంలో ఒక మాట ఉంది, ట్రైనింగ్ స్లైడుల్లో తెగ వాడతారు. 1970లో ఆ ప్రమాదం జరిగినప్పుడు ఫ్లైట్ డైరెక్టర్ జీన్ క్రాంజ్ ఆ మాట అనలేదు, సినిమా రచయితలు రాసుకున్నది. తర్వాత ఆయనే దాన్ని తన పుస్తకానికి పేరుగా పెట్టుకున్నాడు. ఆ సినిమాలో చూడాల్సింది వేరే సీను. వ్యోమనౌకలో గాలిని శుభ్రం చేసే డబ్బాలు చతురస్రంగా ఉన్నాయి, అవి పట్టాల్సిన చోటు గుండ్రంగా ఉంది. ఒక ఇంజనీరు పెట్టెడు సామాను టేబుల్ మీద కుమ్మరిస్తాడు. పైన వాళ్ల దగ్గర ఉన్నవి ఇవే, వీటితోనే దారి చూడాలి అంటాడు. చేతిలో ఏముందో, ఏం తేలాలో చెప్పి మిగతాది వాళ్లకి వదిలేశాడు. షిఫ్ట్ బ్రీఫింగ్ అంటే అంతే. మాది రెండు నిమిషాలు దాటదు.

సిరీస్‌లలో 'పంచాయత్' (2020) చూడండి. జీతం తక్కువ, పవర్ అసలే లేని కార్యదర్శి ఊరివాళ్లతో పని చేయించుకునే తంటాలు మీ ఉద్యోగానికి బాగా దగ్గరగా ఉంటాయి. తెలుగులో 'శివరపల్లి' (2025)గా తీశారు.

'12 యాంగ్రీ మెన్' ఇంగ్లీషులో వేగం అందకపోతే, అదే కథని బాసు చటర్జీ హిందీలో 'ఏక్ రుకా హువా ఫైసలా' (1986)గా తీశారు. ముందు అది చూసి, తర్వాత అసలుది చూడండి. చీటీల సీను రాగానే ఒకసారి ఆపి, మీ టీమ్‌లో ఆ ముసలాయన ఎవరై ఉంటారో అనుకోండి.