లెక్కకు రాని వ్యాపారాన్ని లెక్కపెట్టే చదువు మా అమ్మాయికి ఎందుకు?

ప్రశ్న: మాది గుంటూరు. మిర్చి యార్డులో కమీషన్ వ్యాపారం. మా అమ్మాయి విజయవాడలో బీఎస్సీ గణితం, గణాంకశాస్త్రం, కంప్యూటర్స్ చివరి సంవత్సరం చదువుతోంది. అర్థశాస్త్రంలో పీజీ చేసి, ఏ దేశంలో ఎంత వ్యాపారం లెక్కకు రాకుండా సాగుతోందో కొలిచే పరిశోధన చేస్తానంటోంది. నేను హైదరాబాద్‌లో ఆరు నెలల డేటా సైన్స్ కోర్సుకు అడ్వాన్సు కట్టాను. రెండింటినీ పోల్చి చెప్పండి. ఇంకో మాట, రేపు మా వ్యాపారం సంగతులే తన చదువులోకి వస్తే ఎలా?
– ఒక తండ్రి, గుంటూరు

జవాబు: ఏ కోర్సు మంచిదన్న ప్రశ్న నాకు రోజూ వస్తుంది. మీ అసలు బెంగ మాత్రం ‘ఇంకో మాట’ అంటూ చివర చేర్చిన వాక్యంలో ఉంది. ముందు దాని సంగతి చూద్దాం.

ఈ శాస్త్రం ఎవరి చిట్టా పుస్తకమూ తెరవదు. దాచిన లెక్కను దాచినవారినే అడిగితే నిజం రాదు కాబట్టి, చుట్టుపక్కల మిగిలిన జాడలను చూస్తుంది. మీ అమ్మాయి కొలుస్తానంటున్న, లెక్కకు రాని ఈ వ్యాపారాన్ని షాడో ఎకానమీ అంటారు. అంటే దొంగరవాణా, మత్తుమందులు అని మీరు అనుకుంటున్నట్టున్నారు. పరిశోధకులు సాధారణంగా వాటిని ఇందులో కలపరు. పని చట్టబద్ధమైనదే అయి, పన్ను, పీఎఫ్, అనుమతుల బాధ తప్పించుకోవడానికి కాగితం మీదికి రాకుండా ఉంటే అది షాడో ఎకానమీ. మన దగ్గర జీరో వ్యాపారం అంటామే, అది. బిల్లు లేకుండా ఇంటికి రంగులు వేయించుకున్నా అందులోకే వస్తుంది.

దీన్ని కొలిచే పద్ధతుల్లో పాతది నగదును చూడటం. 1958లో ఆర్థికవేత్త ఫిలిప్ కేగన్ మొదలుపెట్టిన ఆలోచనను 1980లలో మరో ఆర్థికవేత్త వీటో తాంజీ పన్నులతో ముడిపెట్టారు. దాచాల్సిన లావాదేవీ నగదులో జరుగుతుంది కాబట్టి, మామూలు అవసరాలకు మించి జనం చేతిలో నోట్లు ఎంత ఉన్నాయో చూస్తారు. చిక్కు ఎక్కడంటే, నోటు చేతిలో ఉన్నంత మాత్రాన అది దాచిన సొమ్ము కాదు. 2016 నవంబరులో రద్దయిన పెద్ద నోట్లలో 99 శాతానికి పైగా బ్యాంకులకు తిరిగొచ్చాయి. ఆ తర్వాతి సంవత్సరాల్లో యూపీఐ చెల్లింపులూ పెరిగాయి, చలామణిలో ఉన్న నగదూ పెరిగింది. దీన్ని ఎలా అర్థం చేసుకోవాలి? మీ అమ్మాయిని లాగుతున్నది ఇలాంటి ప్రశ్నే.

కరెంటు వాడకంతో కొలిచే పద్ధతి ఇంకొకటి. కౌఫ్‌మన్, కాలిబెర్డా అనే పరిశోధకులు 1996లో పాత సోవియట్ దేశాల మీద దీన్ని ప్రయోగించారు. అధికారిక ఉత్పత్తి పడిపోతున్నా కరెంటు వాడకం అంతగా తగ్గకపోతే, ఆ తేడా లెక్కలోకి రాని పని అని అంచనా. దీని లోపం మీకే బాగా తెలుస్తుంది. ధర లేక మిర్చి అమ్ముడుపోని ఏడాది, శీతల గిడ్డంగులు నెలల తరబడి కరెంటు తాగుతూనే ఉంటాయి. అక్కడ ఎవరూ ఏదీ దాచలేదు, సరుకు నిలిచిపోయింది, అంతే.

మూడోది పన్నుల భారం లాంటి కారణాలను ఒకవైపు, నగదు వాడకం లాంటి లక్షణాలను మరోవైపు పెట్టి, మధ్యలో కనిపించనిదాన్ని పట్టుకునే గణిత నమూనా. మిమిక్ అంటారు. ఆస్ట్రియాకు చెందిన ఆర్థికవేత్త ఫ్రీడ్రిక్ ష్నైడర్, లియాండ్రో మెదీనాతో కలిసి 2018లో ఈ పద్ధతితోనే 158 దేశాలను 1991 నుంచి 2015 వరకు లెక్కించారు. లెక్కకు రాని వ్యాపారం సగటున దేశ జీడీపీలో, అంటే ఏడాది మొత్తం ఉత్పత్తి విలువలో, 31.9 శాతమని తేల్చారు. స్విట్జర్లాండ్‌లో 7.2, బొలీవియాలో 62.3. ఉపగ్రహాలకు రాత్రిపూట కనిపించే దీపాల వెలుతురును కూడా వాళ్లు ఆధారంగా తీసుకున్నారు. అయితే ఈ నమూనా నేరుగా ఇచ్చేది హెచ్చుతగ్గుల వరస మాత్రమే. దాన్ని శాతంగా మార్చాలంటే మరో పద్ధతి నుంచి ఒక అంకె అరువు తెచ్చుకోవాలి. ట్రెవర్ బ్రూష్ అనే ఆర్థికవేత్త 2005లోనే ఈ మిమిక్ లెక్కల మీద గట్టి అభ్యంతరాలు లేవనెత్తారు. వాదన ఇంకా తేలలేదు.

ఇప్పుడు మీరు అడ్వాన్సు కట్టిన కోర్సు. డేటా సైన్స్ పనికిరాని విద్య అని నేను అనను. ఆరు నెలల్లో నేర్పుతామనే పద్ధతి మీదే నా అనుమానం, అది ఏటికేడు పెరుగుతోంది. అక్కడ సిద్ధంగా ఉన్న పట్టిక ఇస్తారు, అందులో సరైన జవాబు కూడా ఒక వరుసలో ఉంటుంది. పిల్లలు నమూనా నడిపి, తమ జవాబును దానితో సరిచూసుకుంటారు. షాడో ఎకానమీలో సరిచూసుకోవడానికి ఆ వరుసే లేదు. అసలు అంకె ఎవరికీ తెలియదు. ఏ ఊహ మీద నిలబడి ఈ అంకె చెబుతున్నాను, ఆ ఊహ తప్పయితే ఎంత మారుతుంది అని తనను తాను ప్రశ్నించుకోవడం రావాలి. అది ఆరు నెలల్లో రాదు. కోర్సు పూర్తిచేసి నా ముందు కూర్చున్న ఎందరో పిల్లలు సాఫ్ట్‌వేర్ పేర్లు గుక్క తిప్పుకోకుండా చెప్పారు. ఈ సగటును ఎందుకు నమ్మాలని అడిగితే తల దించుకున్నారు. తప్పు వాళ్లది కాదు. అప్పుచేసి ఫీజు కట్టిన తల్లిదండ్రులూ ఆ ప్రశ్న అడగలేదు, డబ్బు తీసుకున్నవారూ అడగలేదు.

మీరూ అడగలేదు. కోపం తెచ్చుకోకండి. యార్డులో ఒక బస్తా కొనాలంటే కాయ తీసి, తొడిమ చూసి, తేమ చూసి, రంగు చూసి ధర చెబుతారు. కూతురి భవిష్యత్తుకు మాత్రం ప్రకటన చూసి అడ్వాన్సు ఇచ్చేశారు. అమ్మాయి ఏమంటోందో మీ ఉత్తరంలో ఒక్క వాక్యమే ఉంది. ఎందుకు అంటోందో అదీ లేదు. అడిగారా?

ఉద్యోగం విషయంలో భయం వద్దు. గణాంకశాస్త్రం చదివిన పిల్ల అర్థశాస్త్రంలోకి వెళ్తే సగం బరువు ముందే మోసినట్టు. ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్, ఢిల్లీ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్, మద్రాస్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్, హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం చూడండి. ప్రవేశ పరీక్షల వివరాలు తను ఈపాటికే చదివి ఉంటుంది. గణాంకశాస్త్రం ఒక సబ్జెక్టుగా డిగ్రీ ఉంటే యూపీఎస్సీ నిర్వహించే ఇండియన్ స్టాటిస్టికల్ సర్వీసుకూ అర్హత ఉంటుంది. పీజీ తర్వాత రిజర్వు బ్యాంకు పరిశోధన విభాగాలున్నాయి. పరిశోధన కుదరకపోయినా ఈ చదువుతో బ్యాంకులు, కన్సల్టెన్సీలు తీసుకుంటాయి. కావాలంటే డేటా సైన్స్ ఉద్యోగాలకూ అప్పుడు వెళ్లవచ్చు. ఆరు నెలల కోర్సు నుంచి ఇటు రావడం మాత్రం కష్టం.

మళ్లీ మీ బెంగ దగ్గరికి వస్తాను. వ్యాపారం ఎందుకు లెక్క తప్పుతుందని ఈ పరిశోధనలు వెతికితే దొరికిన కారణాలు పన్నుల భారం, అడుగడుగునా నిబంధనలు, నిరుద్యోగం, ప్రభుత్వం మీద అపనమ్మకం. డెన్మార్క్, స్వీడన్‌లలో పన్నులు చాలా ఎక్కువ. అయినా లెక్కకు రాని వాటా పన్నులు తక్కువున్న అనేక పేద దేశాలకంటే అక్కడ తక్కువే. కట్టిన పన్నుకు బడి, ఆసుపత్రి కళ్లెదుట కనిపిస్తే మనిషి బిల్లు రాయడానికి అంతగా జంకడు. ఇదంతా చదివిన పిల్ల నాన్నను దొంగ అనదు. చిన్న వ్యాపారి బిల్లు ఎందుకు రాయడో, రాస్తే ఎవరికి ఎంత పోతుందో ఇంట్లో అందరికంటే మీకే తెలుసు. యార్డుకు వేసవి సెలవులు ఇచ్చినప్పుడు తనతో కూర్చుని ఆ సంగతులు చెప్పండి. మీ పద్దులు చూపించనక్కర్లేదు.

అడ్వాన్సు రసీదు మీద తిరిగి చెల్లింపు షరతు ఏముందో ఈ వారమే చదవండి. గడువు ఉంటే దాటిపోకముందే అడగండి.