వెన్నెలా? జ్యోత్స్నా?

సందేహం: మా అమ్మాయికి ఆడపిల్ల పుట్టింది. ఇరవయ్యొకటో రోజున బారసాల. 'వెన్నెల', 'జ్యోత్స్న' అనే రెండు పేర్ల దగ్గర ఇంటిల్లిపాదీ ఆగిపోయాం. రెండింటికీ అర్థం ఒకటే అంటున్నారు. 'వెన్నెల' మరీ వాడుక మాట, పేరుకు తగిన నిండుదనం లేదని మా వియ్యపురాలు అంటున్నారు. 'జ్యోత్స్న' అందామంటే ఒక్కొక్కరు ఒక్కో రకంగా రాస్తున్నారు. భాషను బట్టి ఏది మేలు? ఏ రాత సరైనది?
– ఒక అమ్మమ్మ, హనుమకొండ

సమాధానం: ముందుగా పాపకు ఆశీస్సులు. ఈమధ్య వచ్చే ఉత్తరాల్లో 'హన్విక' అంటే ఏమిటి, 'జశ్విక' అంటే ఏమిటి అని అడిగేవారే ఎక్కువ. ఏ ధాతువుకూ ఏ ప్రత్యయానికీ చెందని అక్షరాలను కూర్చి, వాటి పక్కన 'లక్ష్మీదేవి' అనో 'వెలుగు' అనో అర్థం రాసి పెట్టే జాబితాలు ఇంటింటికీ చేరాయి. 'అన్విత' నిజమైన మాటే. కాని 'కూడినది' అని దాని అర్థం. దేనితో కూడినదో ముందు చెప్పాలి. గుణాన్విత అంటే పూర్తవుతుంది. మీరు మాత్రం అర్థమున్న రెండు మాటల మధ్య ఊగుతున్నారు. అందుకే ఈ జవాబు కాస్త నిడివిగా రాయాలనిపించింది.

వియ్యపురాలి అభ్యంతరంతో మొదలుపెడతాను. 'వెన్నెల' వాడుక మాటే. కాని అది ఒంటి మాట కాదు, సమాసం. 'వెల్' అంటే తెలుపు, 'నెల' అంటే చంద్రుడు. 'వెల్' చివరి లకారం 'నెల'లోని నకారాన్ని తాకి తానూ నకారమైంది. తెల్లని చంద్రుడు అన్న మాట ఆ చంద్రుడి వెలుగుకు పేరైంది. 'వెన్న + ఎల' అనీ, 'వెండి + నెల' అనీ విడగొట్టేవారు ఉన్నారు. రెండూ సరికావు. అయితే వెన్నకూ వెండికీ ఇందులో చుట్టరికం మాత్రం ఉంది, ఎందుకంటే ఆ రెండు మాటల మొదటా ఉన్నది ఈ 'వెల్' అనే తెలుపే. తమిళులు వెన్నను 'వెణ్ణెయ్' అంటారు, అంటే తెల్లని నెయ్యి. కన్నడిగులకు అది 'బెణ్ణె', మనకు 'వెన్న'. వెల్ల వేయడం, వెలిదమ్మి, వెలిగారం, వెల్లుల్లి, ఇవన్నీ ఆ ఇంటివే. వెల్లుల్లి అంటే తెల్ల ఉల్లి అని వంటింట్లో ఎంతమందికి తడుతుందో!

చంద్రకాంతికి ఈ పేరు పెట్టుకున్నది మనమొక్కరమే కాదు. తమిళంలో అది 'వెణ్ణిలా', అక్కడా తెలుపు, నెల. కన్నడంలో 'బెళదింగళు': 'బెళ్' తెలుపు, 'తింగళు' చంద్రుడు. ఇక్కడొక చక్కని సంగతి చూడండి. కన్నడంలో 'తింగళు' అంటే చంద్రుడూ, మాసమూ. తెలుగులో 'నెల' అన్నా అంతే. చంద్రుణ్ణి చూసి రోజులు లెక్కపెట్టుకున్న కాలం నాటి మాటలివి. ఇవాళ 'నెల' అని విడిగా అంటే జీతమూ అద్దే గుర్తుకొస్తాయి; చంద్రుడనే అర్థం విడిమాటలో చెరిగిపోయింది. నెలవంకలో, క్రొన్నెలలో, నెలరాజులో, నెలతాలుపు అనే శివుడి పేరులో మిగిలింది. కావ్యం తెరవనివారి నోట కూడా నిలిచి ఉన్నది మాత్రం వెన్నెలలోనే. మీ మనవరాలిని ఆ పేరుతో పిలిచిన ప్రతిసారీ తెలుగులో చంద్రుడికున్న పాత పేరు పలుకుతారు. అటువంటి మాటను 'మామూలు' అని పక్కన పెట్టడం నాకు కష్టంగా ఉంది.

నిండుదనం సంగతి నన్నయను అడుగుదాం. ఆంధ్ర మహాభారతం అరణ్యపర్వంలో, ఆయన చివరి పద్యంగా సంప్రదాయం చెప్పుకొనే ఉత్పలమాల ఇది:

శారదరాత్రు లుజ్జ్వలలసత్తర తారకహార పంక్తులం
జారుతరంబు లయ్యె వికసన్నవకైరవ గంధబంధురో
దార సమీర సౌరభము దాల్చి సుధాంశు వికీర్యమాణ క
ర్పూరపరాగ పాండురుచిపూరము లంబరపూరితంబులై

మెరిసే నక్షత్రాల హారాలు వేసుకుని, అప్పుడే విచ్చుకున్న తెల్లకలువల తావి నిండిన గాలి పరిమళాన్ని తాల్చి, చంద్రుడు వెదజల్లే కర్పూరపు పొడి వంటి తెల్లని కాంతి వెల్లువలతో ఆకాశం నిండిపోగా శరద్రాత్రులు మరింత అందగించాయి అని తాత్పర్యం. నాలుగు పాదాల్లో అచ్చ తెలుగు ఎంత? విభక్తులు, 'అయ్యె', 'తాల్చి', 'ఐ'. మిగిలినదంతా సంస్కృతమే. తెలుగులో వెన్నెల పద్యం అనగానే ముందు దీన్నే చదువుతాం గదా, ఇందులో 'వెన్నెల' అన్న మాట లేదు. 'జ్యోత్స్న' కూడా లేదు. మూడో పాదం నడుమ నుంచి ఆ సమాసాన్ని విప్పి చూడండి. 'సుధాంశు' అంటే చంద్రుడు, అంటే నెల. 'పాండు' అంటే తెలుపు, అంటే వెల్. వికీర్యమాణం, కర్పూరపరాగం, రుచిపూరం అన్నవి ఆ రెండింటినీ కలిపే అలంకారాలు. నన్నయ అంత పొడుగు సమాసానికి పునాదిగా పెట్టుకున్న రెండు భావాలనూ తెలుగు జనం ఎప్పుడో మూడక్షరాల్లో పొదిగి పెట్టుకున్నారు. నన్నయను తక్కువ చేయడానికి ఈ మాట అనడం లేదు. ఆ 'పూర' శబ్దం తిరిగి తిరిగి రావడంలో ఆకాశం నిండుతున్న చప్పుడు వినిపిస్తుంది, అది ఇంకెవరికీ సాధ్యం కాదు. 'వెన్నెల'లో నిండుదనం లేదనే వారికి ఈ పద్యమే జవాబని మాత్రం అంటాను.

వెన్నెల చుట్టూ తెలుగు అల్లుకున్న పలుకుబడి కూడా చిన్నది కాదు. ఎండ కాస్తుంది, వెన్నెలా కాస్తుంది. పిండి ఆరబోసినట్టు కాస్తుంది. పండువెన్నెల అంటాం. చకోరానికి వెన్నెలపులుగు అని పేరు. పిల్లలకు వెన్నెలకుప్పల ఆట ఉంది. అక్కరకు రాని అందాన్ని అడవి కాచిన వెన్నెల అంటాం. ఈ చివరిదాన్ని చూపి పేరు మంచిది కాదనే వారు ఉంటారు. ఆ సామెతలో తప్పు అడవిది, చూసేవారు లేకపోవడానిది, వెన్నెలది కాదు.

ఇక జ్యోత్స్న. 'జ్యోతిస్' మీద 'న' చేరి, నడుమ ఇకారం పోయి ఏర్పడింది. మామూలు సూత్రాలకు లొంగని రూపం కనుక సంస్కృత వ్యాకరణం రాసిన పాణిని దీన్ని విడిగా నిపాతనం చేశాడు, అంటే సిద్ధరూపంగా సూత్రంలోనే చెప్పేశాడు: అయిదో అధ్యాయం, రెండో పాదం, 114వ సూత్రం. ఆ సూత్రంలో జ్యోత్స్న పక్కనే కూర్చున్న మాట 'తమిస్రా', చీకటిరాత్రి! అమరకోశం చంద్రిక, కౌముది, జ్యోత్స్న అని మూడింటినీ ఒక్క పాదంలో చెప్పింది. కొత్తదనం కోసమని చివర ఇకారం చేర్చి 'జ్యోత్స్ని' అనబోయేరు సుమా. 'జ్యోత్స్నీ' అంటే వెన్నెలరాత్రి అని ఒక అర్థం ఉన్నమాట నిజమే కాని, అదే అమరకోశం వనౌషధి వర్గంలో దాన్ని పొట్లజాతి తీగకూ పేరుగా చెప్పింది. 'వెన్నెలిక', 'వెన్నెలిత' అనేవీ వినబడుతున్నాయి. తెలుగు మాటకు సంస్కృతపు తోక తగిలిస్తే అది రెండు భాషలకూ చెందకుండా పోతుంది.

మీరడిగిన రాత విషయం. జకారానికి యవత్తు, ఓత్వం. ఆ తరువాత తకారం, దాని కింద సవత్తు, ఆపైన నవత్తు: జ్యోత్స్న. కనబడే తప్పులు నాలుగు. 'జ్యోస్న'లో తకారం పోయింది. 'జోత్స్న'లో యవత్తు పోయింది. 'జ్యోత్న్స'లో వత్తులు తారుమారయ్యాయి. 'జ్యోష్ణ' అన్నింటికంటే ఎక్కువగా కనిపిస్తుంది. కృష్ణ, తృష్ణ, ఉష్ణం అని పలికి పలికి అలవాటైన నోరు ఇక్కడ కూడా 'ష్ణ' పెట్టేస్తుంది. సంస్కృతంలో ఉన్నది దంత్య సకారమే, దానిపై ణకారం రాదు. అయితే నోరు ఈ మాట దగ్గర తడబడడం కొత్తేమీ కాదు. ప్రాకృతం మాట్లాడినవారు దీన్ని 'జోణ్హా' అనేశారు. ప్రాకృతంలో స్న, ష్ణ రెండూ ణ్హగా మారిపోతాయి. కృష్ణుడు 'కణ్హ' అయినట్టే జ్యోత్స్న 'జోణ్హా' అయింది. బెంగాలీలు నేటికీ 'జోస్నా' అనే దగ్గరగా పలుకుతారు. కాబట్టి పలుకులో కొంత సడలింపు ఉంటే తప్పుపట్టను. రాతలో మాత్రం ఒప్పుకోను. పత్రికల్లో, పెళ్లి శుభలేఖల్లో 'జ్యోష్ణ' అని అచ్చవుతుంటే సరిదిద్దేవారే కరవయ్యారు.

బారసాలలో పేరు రాసేది పళ్లెంలో పరిచిన బియ్యం మీద, ఉంగరంతో. 'త్స్న' కింద రెండు వత్తులు పట్టాలి గనుక బియ్యం పలుచగా, వెడల్పుగా పరచమనండి. మందంగా పోస్తే గింజలు జారి కింది వత్తు పూడిపోతుంది. కంప్యూటర్ మీద జ్యోత్స్నకు తొమ్మిది గుర్తులు కొట్టాలి: జ, పొల్లు, య, ఓత్వం, త, పొల్లు, స, పొల్లు, న. వెన్నెలకు ఏడు. వెన్నెలలోనూ తప్పుకు చోటు లేకపోలేదు. రెండు చోట్లా హ్రస్వ ఎత్వమే. 'వెన్నల' అన్నా, 'వెన్నేల' అన్నా తప్పు.

పూర్వులు ఆడపిల్ల పేరుకు లక్షణాలు చెప్పారు. 'స్త్రీణాం సుఖోద్యమక్రూరం విస్పష్టార్థం మనోహరమ్' అంటుంది మనుస్మృతి రెండో అధ్యాయం. హాయిగా పలికేది, కరకుగా లేనిది, అర్థం స్పష్టంగా తెలిసేది, మనసుకు నచ్చేది కావాలి. సుఖోద్యం అన్న మొదటి మెట్టు మీదే జ్యోత్స్న కాలు తడబడుతుంది. ఆపస్తంబ గృహ్యసూత్రం 'అయుజాక్షరం కుమార్యాః' అంది. ఆడపిల్ల పేరులో అక్షరాలు బేసిసంఖ్యలో ఉండాలి. వత్తులు లెక్కకు రావు, అచ్చులనే లెక్కించాలి. వెన్నెల మూడు, జ్యోత్స్న రెండు. దీర్ఘంతో ముగియాలన్న నియమం ఒకటుంది. దానికి సంస్కృతంలోని 'జ్యోత్స్నా' సరిపోతుంది కాని, తెలుగులో సీతా సీత అయినట్టు అదీ హ్రస్వమైపోతుంది. పిలిచేటప్పుడు 'వెన్నెలా' అని మనమే దీర్ఘం తీస్తాం, ఆ లోటు అక్కడ తీరుతుంది. ఇవన్నీ విధిగా పాటించాలని చెప్పడం నా ఉద్దేశం కాదు. నక్షత్రాల పేర్లు, చెట్ల పేర్లు, నదుల పేర్లు ఉన్న పిల్లను పెళ్లాడవద్దని ఆ మనుస్మృతే మూడో అధ్యాయంలో అంది; మన తెలుగువారు రేవతి, తులసి, గోదావరి అని కూతుళ్లకు ముద్దుగా పెట్టుకున్నారు, ఏ ఇంటికీ లోటు రాలేదు.

జన్మనక్షత్రపు అక్షరం కుదరలేదని ఎవరైనా అంటే, నక్షత్రనామం వేరే పెట్టి చెవిలో చెప్పించండి. వ్యవహారనామానికి ఆ కట్టుబాటు లేదు.

'వెన్నెల వచ్చింది' అంటే పిల్లా, చంద్రకాంతా అని తికమక కాదా అని కూడా కొందరు అడుగుతారు. తెలుగులో స్త్రీకీ, అమహత్తుకూ (మనుషులు కానివాటికీ) ఏకవచనంలో క్రియ ఒకటే కాబట్టి వాక్యం ఎటూ చెడదు. సందర్భమే అర్థం చెబుతుంది. పెద్దయ్యాక 'వెన్నెలగారు' అనడంలో ఇబ్బందేమీ లేదు.

జ్యోత్స్న పక్షాన చెప్పవలసింది ఒకటుంది. పిల్ల ఉత్తరాదిన పెరిగేటట్టయితే, హిందీలో హ్రస్వ ఎకారానికి అక్షరం లేదు కనుక అక్కడివారు 'వేన్నేలా' అని రాస్తారు, అలాగే పలుకుతారు. జ్యోత్స్న మరాఠీ, గుజరాతీ, బెంగాలీ, హిందీ ఇళ్లన్నింటికీ తెలిసిన పేరు, అర్థం అడగరు. ఇంట్లో పెద్దావిడ ఎవరిదైనా ఆ పేరై, ఆమె పేరు నిలపాలన్న ముచ్చట ఉన్నా నేను అడ్డు చెప్పను. అవేవీ లేకపోతే, పాప తెలుగు నేల మీదే పెరిగేటట్టయితే, నా మొగ్గు వెన్నెల వైపే. వియ్యపురాలిగారికి మరీ పట్టుగా ఉంటే జ్యోత్స్నను నక్షత్రనామంతో పాటు బియ్యం మీద రాయించి, పిలుపుకు వెన్నెల ఉంచుకోవచ్చు. రెండు మూడు పేర్లు రాయడం మనకు ఆచారమే.

బారసాలకు తేల్చుకోలేకపోయినా కంగారు పడకండి. పుట్టుకను 21 రోజుల్లో నమోదు చేయించాలి గాని, పేరు లేకుండానే నమోదు చేయించవచ్చు. ఆ తరువాత 12 నెలల లోపు రుసుము లేకుండా పేరు చేర్చుకోవచ్చు. అది దాటితే 15 ఏళ్ల వరకు ఆలస్య రుసుముతో వీలుంది. ఇంగ్లీషు అక్షరాల కూర్పును మాత్రం మొదటిసారే ఖాయం చేసుకోండి. జ్యోత్స్నకు టీ తరువాత హెచ్ ఉండాలా వద్దా అన్నది తేలక, జనన పత్రంలో ఒకటీ ఆధార్‌లో ఒకటీ పడి, పాస్‌పోర్టు దగ్గర పత్రాలు పొంతన కుదరక తిప్పలు పడతారు. వెన్నెలకు రెండు ఎన్‌లు, ఒక ఎల్, చివర ఏ. దరఖాస్తులో తెలుగు గడి ఉంటే దాన్ని మీరే చేత్తో నింపండి, గుమాస్తాకు వదలవద్దు.