నోటు మీద అప్పుకు దావా వేసే ముందు చూసుకోవాల్సినవి

పాత సహోద్యోగికి ప్రామిసరీ నోటు మీద రెండు లక్షలు ఇచ్చి రెండున్నరేళ్లయిందని, ఇప్పుడు ఆయన ఫోను కూడా ఎత్తడం లేదని రాశారు. సివిల్ దావా ఎలా వేయాలి, ఎన్నాళ్లు పడుతుంది అని అడిగారు. దావా వేయడం పెద్ద పని కాదు. వకీలు వకాలత్ మీద మీ సంతకం తీసుకుని, దావా రాసి, నోటు జతచేసి, కోర్టు ఫీజు కట్టి దాఖలు చేస్తారు. నంబరు పడుతుంది, సమన్లు వెళతాయి. కానీ మీ కేసు ఉన్నది అక్కడ కాదు. నోటు మీద ఏముంది, బాకీదారు పేరున ఏముంది, ఈ రెండింటిలోనే ఉంది. మిగతాదంతా వాయిదాలే.

మా నాన్నగారు ఊళ్లో ఒకాయనకు ఎరువుల దుకాణం కోసం అప్పిచ్చారు. నోటు రాసింది ఒక రిటైరైన మాస్టారు. మూడేళ్లు నిండబోతుండగా నాన్నగారు బాకీదారుని పిలిపించి, కొంత సొమ్ము పుచ్చుకుని, నోటు వెనక చెల్లు వేయించారు. తేదీ, మొత్తం, సంతకం అన్నీ బాకీదారు చేతిరాతలోనే. మా కేసు నిలిచింది ఆ రెండు పంక్తుల మీదే. కోరినప్పుడు చెల్లిస్తానని రాసిన నోటుకు, రాసిన తేదీ నుంచి మూడేళ్లలో దావా పడకపోతే కాలదోషం పడుతుంది, అంటే ఆ తరువాత దావా వేసినా చెల్లదు. గడువు లోపల కొంత చెల్లించి, ఆ చెల్లింపును తన చేత్తో రాస్తే, లేదా రాసినదాని కింద సంతకం పెడితే, ఆ రోజు నుంచి మళ్లీ మూడేళ్లు వస్తాయి. 1963 నాటి లిమిటేషన్ చట్టం 19వ సెక్షన్ చెప్పేది ఇదే.

మిగతా బాకీ కట్టకపోయేసరికి నాన్నగారు దావా వేశారు. బాకీదారుకు సమన్లు పంపినప్పుడల్లా ‘ఇంటికి తాళం’ అని వెనక్కి వచ్చేవి. చివరికి తలుపుకు అంటించాక ఆయన వకీలు వచ్చారు. జవాబు దావాలో ‘ఖాళీ నోటు మీద సంతకం పెట్టించుకున్నారు, నాకు డబ్బే ముట్టలేదు’ అని రాయించారు. నోటు కేసుల్లో దాదాపు అందరూ ఎత్తుకునే పాటే ఇది.

మాస్టారు బోనెక్కిన రోజు నాకింకా కళ్లకు కట్టినట్టుంది. అవతలి వకీలు గొంతు పెంచి, సంతకం పెట్టిన తరువాతే మీరు నోటు నింపారు కదా అని గద్దించారు. మాస్టారు తొణకలేదు. నోటు ఒకసారి చూపించమని అడిగారు. కండువా అంచుతో కళ్లద్దాలు తుడుచుకుని, మొత్తం రాసిన చోట వేలు పెట్టారు. అక్కడ ఒక కొట్టివేత ఉంది, దాని పక్కన బాకీదారు పొట్టి సంతకం ఉంది. “అయ్యా, నేను అంకె తప్పు రాశాను. కొట్టేసి, దిద్ది, పక్కన ఆయన చేతనే సంతకం పెట్టించాను. రాయని కాగితంలో తప్పెక్కడ దిద్దుతామండీ?” అన్నారు. ఆ వకీలు మరో ప్రశ్న వేయకుండా కూర్చున్నారు. సంతకం తనదేనని ఒప్పుకున్నవాడు డబ్బు ముట్టలేదని నిరూపించుకోవాల్సిందే, నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 118వ సెక్షన్ అలాగే చెబుతుంది. కానీ న్యాయమూర్తి మనసులో సెక్షన్ కన్నా ఆ పొట్టి సంతకమే బలంగా నాటుకుందని నా నమ్మకం.

డిక్రీ, అంటే బాకీ కట్టాలన్న కోర్టు తీర్పు, వచ్చింది. డబ్బు వెంటనే రాలేదు. డిక్రీ చేతికొస్తే సొమ్ము ఇంటికొచ్చినట్టేనని చాలామంది అనుకుంటారు. ఆ తీర్పును అమలు చేయించి సొమ్ము రాబట్టమని కోరే అమలు పిటిషన్ అప్పుడే మొదలవుతుంది. మేము గట్టెక్కడానికి కారణం ఒకటే. దావా వేయకముందే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో ఈసీ (ఆస్తి మీద రిజిస్టరైన అమ్మకాలు, తాకట్లు చూపే పత్రం) తీయించి, బజారులో ఆయనకున్న స్థలం వివరాలు దగ్గర పెట్టుకున్నాం. దావా నడుస్తుండగా దాన్ని అమ్మేయబోతున్నాడని తెలియగానే తీర్పుకు ముందే జప్తు కోరాం. ఆ స్థలం వేలానికి వచ్చేసరికి డబ్బు తెచ్చి కోర్టులో కట్టాడు. మీ సహోద్యోగి ఉద్యోగే కాబట్టి ఇంకొకటి తెలుసుకోండి. జీతంలో మొదటి వెయ్యి రూపాయలు, మిగిలినదానిలో మూడింట రెండు వంతులు జప్తుకు అందవు. ఆ పైదే మీకు దొరికేది.

ఇక ఎన్నాళ్లు పడుతుందన్న ప్రశ్న. ఒక పక్షానికి మూడు వాయిదాలకు మించి ఇవ్వకూడదని సివిల్ ప్రొసీజర్ కోడ్‌లో ఉంది. అమలు పిటిషన్లను ఆరు నెలల్లో తేల్చాలని 2021లో సుప్రీంకోర్టు చెప్పింది. కానీ మా కోర్టులో న్యాయమూర్తి బదిలీ అయితే ఆ కుర్చీ ఖాళీగా ఉండేది, కొత్తాయన వచ్చాక వకీళ్లు విధులు బహిష్కరించేవారు. ముసలి సాక్షులు బస్సెక్కి వచ్చి, సాయంత్రం దాకా వరండాలో నిలబడి, పేరు పిలిచాక వాయిదా తేదీ రాసుకుని వెళ్లడం చూస్తే కడుపు రగిలేది. అందుకే అవతలివాడు రాజీకి ఒప్పుకుంటే లోక్ అదాలత్‌ను కాదనకండి. అక్కడ రాజీ మీద ఇచ్చే అవార్డు (తీర్పు) డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు ఉండదు, కట్టిన కోర్టు ఫీజు వెనక్కి వస్తుంది. ఎస్సై గారి దగ్గర పంచాయితీ పెట్టిద్దామనే బంధువుల మాట మాత్రం వినకండి. అప్పు వసూలు చేయించే అధికారం పోలీసులకు లేదు, అక్కడ రాసిన కాగితం డిక్రీ కాదు.

మీకిక మిగిలింది ఆరు నెలలే. లాయరు నోటీసు పంపితే గడువు ఆగుతుందని ఎవరైనా చెబితే నమ్మకండి, ఆగదు. నోటీసు పంపండి, జవాబు కోసం మాత్రం కాచుకుని కూర్చోకండి. ఈ వారంలోనే ఈసీకి దరఖాస్తు పెట్టండి. నోటు రాసిన లేఖరి, సాక్షులు ఎక్కడున్నారో కనుక్కోండి. అసలు నోటు కోర్టుకు ఇచ్చేముందు రెండు వైపులా జిరాక్సు తీసి దగ్గర ఉంచుకోండి.