వేలాడే కుండీలో పిటూనియా: అది పల్లాకు తెగులు కాదు

ప్రశ్న: వసారాలో వేలాడదీసిన కుండీల్లో నవంబరులో పిటూనియా పెట్టాం. సంక్రాంతి వరకు కిందికి జాలువారి బాగా పూసింది. ఇప్పుడు కొస ఆకులు పసుపు రంగుకు తిరిగి పూలు తగ్గాయి. మినుములో వచ్చే పల్లాకు తెగులే అనుకుంటున్నాం. మందుల షాపులో ఇమిడాక్లోప్రిడ్, ఏదో టానిక్ ఇచ్చారు. రెండుసార్లు కొట్టినా గుణం లేదు. ఇంకేం మందు కొట్టాలి? ఫోటో పంపుతున్నాం.
– ఒక రైతు, చంద్రగిరి, తిరుపతి జిల్లా

జవాబు: ముందు ఆ స్ప్రేయర్ పక్కన పెట్టండి. ఫోటోలో ఈనెలు పచ్చగానే ఉన్నాయి, వాటి మధ్య భాగమే పాలిపోయింది. అదీ లేత ఆకుల్లోనే. పల్లాకు అయితే పసుపు మచ్చలు ఈనెలతో పని లేకుండా అడ్డదిడ్డంగా వస్తాయి. మీది ఇనుపధాతు లోపం. వేరుశనగలో లేత ఆకులు తెల్లబోతే అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్) కొడతారు కదా, ఇదీ అదే.

కుండీ అంచున, అడుగు రంధ్రాల చుట్టూ తెల్లటి పూత కనిపిస్తోంది. అది బోరు నీళ్లలోని సున్నం. మట్టిలో క్షారగుణం పెరిగితే ఇనుము ఉన్నా వేరుకు అందదు. పిటూనియాకు ఈ ఇబ్బంది మరీ ఎక్కువ.

లీటరు వాన నీళ్లలో గానీ ఏసీ నుంచి కారే నీళ్లలో గానీ ముందు అర గ్రాము నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్), తర్వాత 2 గ్రాముల అన్నభేది కరిగించి, వెంటనే సాయంత్రం పూట ఆకులపై పిచికారీ చేయండి. వేరుశనగకు వాడే 5 గ్రాముల మోతాదు ఈ లేత ఆకులకు వద్దు. వారం తేడాతో మూడుసార్లు చాలు. కుండీని కిందికి దించి, వాకిట్లో మట్టి మీద పెట్టి కొట్టండి. గచ్చు మీద పడితే తుప్పు మరక ఓ పట్టాన పోదు. ముదిరిన పసుపు ఆకులు మళ్లీ పచ్చబడవు, కొత్త చిగురు చూసుకోండి.

కుండీకి తగిలించిన పళ్లెం తీసేయండి. కుండీని చేత్తో ఎత్తి చూసి, తేలిగ్గా ఉంటేనే రంధ్రాల్లోంచి కారేదాకా నీళ్లు పోయండి. ఆర్వో మిషన్ వదిలే నీళ్లు మాత్రం పోయకండి, ఉప్పంతా వాటిలోనే ఉంటుంది. బోసిపోయిన తీగలను సగానికి కత్తిరించి, నీటిలో కరిగే 19-19-19 ఎరువు లీటరుకు 2 గ్రాములు కలిపి 15 రోజులకోసారి మొక్క మొదలు దగ్గర పోయండి. రోజుకు ఐదారు గంటల ఎండ తగలాలి.

ఇక షాపు సంగతి. ఆకు చూడకుండా, ఏం నీళ్లు పోస్తున్నారని అడగకుండా పురుగుమందు చేతిలో పెట్టడమేంటి? పల్లాకును మోసే తెల్లదోమే లేని మొక్కకు ఇమిడాక్లోప్రిడ్ ఎందుకు? పిల్లలు తిరిగే వసారాలో, తేనెటీగలు వాలే పూల మీద కొట్టారు! ఆ టానిక్ డబ్బుతో నీటి పరీక్ష చేయించి ఉండొచ్చు. మోటారు పది నిమిషాలు ఆడాక శుభ్రమైన సీసాలో అర లీటరు పట్టి పరీక్షకు ఇవ్వండి. ఆ ఫలితం మీ వేరుశనగకూ పనికొస్తుంది.

ఏప్రిల్ ఎండలకు మన దగ్గర పిటూనియా ఎలాగూ నిలవదు. అప్పుడు అవే కుండీల్లో మట్టి మార్చి టేబుల్ రోజ్ కొమ్మలు గుచ్చుకోండి.