స్కార్లాటీ సొనాటా గురించి రాయబోతున్న మేనకోడలికి

చిరంజీవి మేనకోడలికి, ఆశీస్సులు.

ఇటలీ స్వరకర్త డొమెనికో స్కార్లాటీ మీటల వాద్యానికి రాసిన ఎఫ్ మైనర్ సొనాటా కె. 466 (కె. అన్నది కర్క్‌ప్యాట్రిక్ పట్టికలోని వరుస సంఖ్య) రికార్డింగు మీద వ్యాసం రాస్తున్నానని, దాని వేగాన్నీ, శ్రుతినీ, భావాన్నీ ఏ వరుసలో పరిశీలించాలో చెప్పమని అడిగావు. భావాన్ని చివరకు ఉంచుకోమన్నదే నా మొదటి సలహా. విషాదభరితమని ముందే రాసుకుంటే, ఆ తర్వాత చెవి ఆ మాటకు సాక్ష్యాలు వెతకడంలోనే పడిపోతుంది. ఆ విషాదం ఎక్కడ పుడుతోందో, వాయించినవారు దాన్ని ఏ విధంగా రాబట్టారో పట్టుకోవడం నీ పని.

వేగంతో మొదలుపెట్టు. స్కార్లాటీ 1757లో మాడ్రిడ్‌లో మరణించాడు. దెబ్బలను సమానంగా కొట్టి వేగాన్ని కొలిచే మెట్రోనోమ్ యంత్రానికి మేల్జెల్ పేటెంటు తీసుకున్నది 1815లో. కనుక నిమిషానికి ఇన్ని దెబ్బలని స్వరకర్త నిర్ణయించిన లెక్క ఏదీ లేదు, ‘అందాంతే మొదెరాతో’, అంటే మితమైన నడకలో, అన్న సూచన ఒక్కటే ఉంది. అతని సొనాటాలకు స్వహస్త ప్రతులు కూడా దొరకలేదు. వెనిస్‌లోనూ పార్మాలోనూ ఉన్న లేఖకుల ప్రతులే మనకు ప్రధాన ఆధారం. అందువల్ల వేగం ఎక్కువైందనో తక్కువైందనో తీర్పు చెప్పే ముందు, గడియారం దగ్గర పెట్టుకుని 15 సెకన్లలో పడే దెబ్బలను లెక్కించి నాలుగుతో హెచ్చవేయి. ఆరంభంలో ఒకసారి, మధ్యలో ఒకసారి, ముగింపుకు ముందు మరొకసారి ఇలా చేస్తే నడక ఎక్కడ సాగిందో, ఎక్కడ బిగిసిందో తెలుస్తుంది. మొత్తం నిడివిని బట్టి మాత్రం వేగాన్ని అంచనా వేయవద్దు. ఈ రచనలో రెండు భాగాలున్నాయి, రెండింటినీ తిరిగి వాయించమని గుర్తులున్నాయి. ఒకరు వాటిని పాటించి, మరొకరు వదిలేస్తే, వేగం ఒకటే అయినా నిడివి దాదాపు రెట్టింపు తేడా వస్తుంది.

శ్రుతి విషయంలో కర్ణాటక సంగీతం నేర్చిన నీ చెవి నీకు మేలూ చేస్తుంది, తికమకా పెడుతుంది. పై నిషాదం (కాకలి నిషాదం) వినిపించిన చోట ఎఫ్ మైనర్ స్వరాలు నీకు కీరవాణిలా తోస్తాయి, అందులో తప్పు లేదు. అయితే మన కచేరీలో ఆధార షడ్జమం ఆద్యంతం కదలదు, ఇక్కడ కదులుతుంది. మొదటి భాగం ముగిసేసరికి, అప్పటివరకు పంచమంగా విన్న స్వరమే కొత్త షడ్జమమై, సంగీతం సి మైనర్‌లో నిలుస్తుంది. మైనర్‌లో మొదలైన సొనాటా నడిమికి వచ్చేసరికి మేజర్‌లోకి, అంటే మన శంకరాభరణం వంటి స్వరాల్లోకి, తేలి కాస్త వెలుతురు చూపడం ఆ కాలంలో తరచుగా కనిపించేదే. ఈ సొనాటా మొదటి భాగాన్ని అలాంటి ఊరట ఇవ్వకుండానే ముగిస్తుంది. దీని బరువుకు అదే మూలమని నా నమ్మకం, నీ వ్యాసంలో ఎక్కువ చోటు దానికే ఇవ్వు.

మరొక జాగ్రత్త. పియానోకు ముందునాటి మీటల వాద్యమైన హార్ప్సికార్డ్‌ను పాతకాలపు పద్ధతిలో వాయించే కళాకారులు చాలామంది ‘ఎ’ స్వరాన్ని 440కి బదులు 415 హెర్ట్జ్‌కు శ్రుతి చేస్తారు. ఆ రికార్డింగును ఇంట్లోని కీబోర్డు మీద సరిచూస్తే అర స్వరం దిగువన, ‘ఇ’ మైనర్‌లో ఉన్నట్టు వినిపిస్తుంది. దాన్ని పొరపాటని రాయకు.

ఇక భావం. హార్ప్సికార్డ్‌లో తీగను చిన్న ముల్లు మీటుతుంది. మీటను ఎంత గట్టిగా నొక్కినా ధ్వని బలంలో చెప్పుకోదగ్గ తేడా రాదు. అందుకే ఆ వాద్యంపై వేదన కాలంలోంచే పుట్టాలి. పై స్వరాన్ని రవ్వంత ఆలస్యంగా వేయడం, కలిసి మోగవలసిన స్వరాలను ఒకదాని వెంట ఒకటి విప్పడం, ఒక స్వరాన్ని వదలకుండానే తర్వాతిదాన్ని అందుకోవడం అక్కడి మార్గాలు. మూడేసి స్వరాలుగా సాగే వరుసల్లో మొదటి స్వరంపై వేలు ఎంతసేపు ఆగుతోందో గమనించు. పియానోపై హోరోవిట్జ్ వంటివారు అదే చోట ధ్వనిని తగ్గించి పని సాధించగలరు. ఈ సొనాటాను హోరోవిట్జ్ పియానోపై రికార్డు చేశాడు. 1980లలో మొత్తం 555 సొనాటాలనూ రికార్డు చేసిన స్కాట్ రాస్ హార్ప్సికార్డ్‌పై వాయించాడు. ఇద్దరినీ వెంటవెంటనే విను, కానీ ఒకరి కొలతతో రెండోవారిని తూచకు.

వ్యాసం మొదటి పేరాలోనే వాద్యం ఏదో, ‘ఎ’ స్వరం ఎంతకు శ్రుతి చేశారో, భాగాలను తిరిగి వాయించారో లేదో చెప్పు. ఆ మూడూ తెలియకపోతే, వేగం గురించి నువ్వు రాసే అంకెలను పాఠకుడు దేనితో పోల్చుకోవాలో తెలియక ఇబ్బంది పడతాడు. చిత్తుప్రతి సిద్ధమయ్యాక నాకు పంపు.

ఆశీస్సులతో,
మామయ్య