2004లో పుట్టిన యూనివర్సిటీని నమ్మవచ్చా?

ప్రశ్న: మాది గుంటూరు, బ్రాడీపేట. మా అమ్మాయి ఇక్కడే ఒక కాలేజీలో కెమికల్ ఇంజనీరింగ్ బీటెక్ చేసింది. ఇంగ్లండ్‌లోని మాంచెస్టర్ యూనివర్సిటీలో అదే సబ్జెక్టులో ఎమ్మెస్సీకి ఆఫర్ వచ్చింది. బ్యాంకు లోను కూడా దాదాపు ఖాయమైంది. ఇంతలో మా తోడల్లుడు, ఆయన రిటైర్డ్ లెక్చరర్, "అది 2004లో పెట్టిన యూనివర్సిటీ. ఆ ఊళ్లో పేరున్నది యూమిస్ట్ అనే టెక్నాలజీ సంస్థ, దాన్ని ఎప్పుడో మూసేశారు" అన్నారు. అప్పటినుంచి ఇంట్లో అందరికీ టెన్షన్. డిపాజిట్ కట్టమంటారా, ఆగమంటారా?

జవాబు: మీ తోడల్లుడు గారు చెప్పిన ఏడాది సరైనదే. యూమిస్ట్ అన్న పేరు ఇప్పుడు లేదన్నదీ నిజమే. కానీ దాన్ని మూసేయలేదండీ. విక్టోరియా యూనివర్సిటీ ఆఫ్ మాంచెస్టర్, యూమిస్ట్ రెండూ రద్దయి, 2004 అక్టోబరు 1న ఒకే కొత్త యూనివర్సిటీ అయ్యాయి. పంతుళ్లు, ల్యాబ్‌లు, లైబ్రరీలు అన్నీ అందులోకే వచ్చాయి.

ఇది మనకు కొత్తేమీ కాదు. మీ అమ్మాయి కాలేజీ గుంటూరులోని చాలా ఇంజనీరింగ్ కాలేజీల్లాగా కాకినాడ జేఎన్‌టీయూ పరిధిలోదైతే, ఆ యూనివర్సిటీ కథే చూడండి. కాకినాడ, అనంతపురం ఇంజనీరింగ్ కాలేజీలు, హైదరాబాద్‌లోని నాగార్జునసాగర్ ఇంజనీరింగ్ కాలేజీ కలిపి 1972లో జేఎన్‌టీయూ చేశారు. 2008లో మళ్లీ విడదీశారు. కాగితం మీద కాకినాడ జేఎన్‌టీయూ 2008 నాటిదే, కానీ ఆ కాలేజీ 1946 నుంచీ ఉంది. దాన్ని కొత్త కాలేజీ అని మన జిల్లాల్లో ఎవరూ అనరు కదా.

మాంచెస్టర్‌దీ ఇలాంటి కథే, కాకపోతే ఇంకా పాతది. మిల్లుల్లో పనిచేసేవాళ్లకు సైన్సు నేర్పడానికి 1824లో పెట్టిన మెకానిక్స్ ఇన్‌స్టిట్యూట్ పేర్లు మారుతూ 1966లో యూమిస్ట్ అయింది. రెండోవైపు, జాన్ ఓవెన్స్ అనే బట్టల వ్యాపారి రాసిచ్చిన ఆస్తితో 1851లో ఓవెన్స్ కాలేజీ మొదలైంది. అదే తర్వాత విక్టోరియా యూనివర్సిటీ అయింది. రూథర్‌ఫర్డ్ పరమాణు కేంద్రకం గురించి 1911లో చెప్పింది అక్కడ పనిచేస్తున్నప్పుడే. యూమిస్ట్ చాలా దశాబ్దాలపాటు ఆ విక్టోరియా యూనివర్సిటీకి టెక్నాలజీ ఫ్యాకల్టీగా నడిచింది, పూర్తి స్వతంత్రం వచ్చింది 1990లలోనే. అంటే 2004లో కలిసినవి ఒకదానికొకటి తెలియని సంస్థలు కావు.

మీ అమ్మాయి సబ్జెక్టు కెమికల్ కాబట్టి ఇది ఇంకొంచెం చెప్పాలి. 1887లో జార్జ్ డేవిస్ అనే ఆయన కెమికల్ ఇంజనీరింగ్‌ను విడి శాస్త్రంగా చూపిస్తూ కొన్ని ఉపన్యాసాలు ఇచ్చారు. ఈ సబ్జెక్టు చరిత్ర చెప్పేవాళ్లు చాలామంది అక్కడినుంచే మొదలుపెడతారు. ఆ ఉపన్యాసాలు జరిగిన మాంచెస్టర్ టెక్నికల్ స్కూలు ఆ పాత మెకానిక్స్ ఇన్‌స్టిట్యూటే. హీట్ ఎక్స్ఛేంజర్ నెట్‌వర్క్‌ల దగ్గర మీ అమ్మాయి పించ్ ఎనాలిసిస్ (ఫ్యాక్టరీలో వేడిని వృథా చేయకుండా మళ్లీ వాడుకునేలా లెక్కలు వేసే పద్ధతి) చదివే ఉంటుంది, అడిగి చూడండి. దాన్ని పరిశ్రమల దాకా తీసుకెళ్లిన బోడో లిన్‌హాఫ్ 1980లలో యూమిస్ట్‌లో పనిచేశారు. ఆ పరంపరలోని డిపార్ట్‌మెంటులోనే ఇప్పుడు ఆమెకు సీటు వచ్చింది. మీ తోడల్లుడు గారు మెచ్చుకున్న యూమిస్ట్ ఇదే.

ఇక మీరు ఆలోచించాల్సినవి వేరే ఉన్నాయి. ఎంత గొప్ప చరిత్ర ఉన్నా ఉద్యోగం దానంతట అది రాదు, ఈఎంఐ ఆగదు. విలీనంతో పెద్దవైన యూనివర్సిటీల్లో ఎమ్మెస్సీ క్లాసులు కూడా పెద్దవిగా ఉండవచ్చు. కాబట్టి డిపాజిట్ కట్టేముందు అమ్మాయిచేత డిపార్ట్‌మెంటుకు ఒక మెయిల్ పెట్టించండి. ఈ కోర్సులో మొత్తం ఎంతమంది, డిసర్టేషన్‌కు గైడును ఎలా కేటాయిస్తారు, కంపెనీలతో కలిసి చేసే ప్రాజెక్టులు ఎన్ని అని సూటిగా అడగమనండి. జవాబులో తేలే విషయాలు ర్యాంకుల పట్టికలో దొరకవు.

లింక్డ్‌ఇన్‌లో సీనియర్లను వెతికేటప్పుడు మాంచెస్టర్ అనే కాక యూమిస్ట్ అని కూడా వెతకమనండి. 2004కు ముందు చదివి ఇప్పుడు రిఫైనరీల్లో, డిజైన్ కంపెనీల్లో పెద్ద హోదాల్లో ఉన్నవాళ్లు ఆ పేరుతోనే కనిపిస్తారు. మన పిల్లలు తరచుగా వదిలేసేది ఈ పనే. హాస్టల్ చూసుకునేటప్పుడు కూడా పాత సమాచారంతో జాగ్రత్త. యూమిస్ట్ పాత క్యాంపస్ శాక్‌విల్ స్ట్రీట్ వైపు ఉండేది, ఇంజనీరింగ్ విభాగాలను ఈమధ్య ఆక్స్‌ఫర్డ్ రోడ్డు వైపు కొత్త భవనాలకు మార్చారు.

పేరు గురించిన భయంతో మాత్రం ఆగకండి. మెయిల్‌కు వచ్చిన జవాబులు అమ్మాయికి నచ్చి, ఉద్యోగం ఆరు నెలలు ఆలస్యమైనా లోను మోయగలమని మీకు అనిపిస్తే డిపాజిట్ కట్టేయండి. ఈ రెండింటిలో ఏది కుదరకపోయినా, వచ్చే ఏడాదికి ఆఫర్ వాయిదా వేస్తారేమో గడువు దాటకముందే అడ్మిషన్స్ ఆఫీసును అడగండి.