నేలపట్టు బైనాక్యులర్ తట్టేకాడ్‌కు చాలుతుందా?

ప్రశ్న: నేలపట్టులో గూడబాతులను 10 × 25 చిన్న బైనాక్యులర్‌తో హాయిగా చూశాం. జనవరిలో కేరళలోని తట్టేకాడ్‌ పక్షుల అభయారణ్యానికి వెళ్లి మూడు రోజులు లాడ్జిలో ఉండాలనుకుంటున్నాం. అదే పట్టుకెళ్లమంటారా?
– ఒక పాఠకురాలు, కావలి

జవాబు: వద్దండీ. నేలపట్టులో చెట్ల నెత్తినే గూళ్లు, వాటి మీద నిండా ఎండ. తట్టేకాడ్‌ లాంటి వర్షారణ్యంలో కొమ్మలు కమ్ముకుని పట్టపగలు కూడా మసకగా ఉంటుంది. బైనాక్యులర్ మీద ఉన్న రెండో అంకెను మొదటి అంకెతో భాగించండి. మీదానికి 2.5 వస్తుంది. కంట్లోకి చేరే వెలుగు చుక్క వెడల్పు రెండున్నర మిల్లీమీటర్లే అన్నమాట. మసకలో కనుపాప 5 మి.మీ. దాకా విచ్చుకుంటుంది. అందుకే చిన్నవాటిలో ఆకులూ పిట్టా ఒకే నలుపుగా కనిపిస్తాయి. 8 × 42 అయితే 5.25. చేతి వణుకూ అంతగా తెలియదు. కొనడం భారమైతే మూడు రోజులకు ఎవరినైనా అడిగి తెచ్చుకోండి, అంత తేడా ఉంది.

ఏసీ గదిలో రాత్రంతా ఉన్న బైనాక్యులర్‌ను తెల్లవారి బయటికి తీస్తే చల్లటి అద్దం మీద తేమ పట్టేస్తుంది. బయల్దేరే అరగంట ముందే సంచీతో సహా వరండాలో పెట్టండి. ఇంటికొచ్చాక తుడిచి ఆరబెట్టి, తేమ పీల్చే సిలికా జెల్ పొట్లాలతో మూత గట్టిగా పట్టే డబ్బాలో దాచండి. తేమతో దాస్తే అద్దాలకు బూజు పడుతుంది.

ప్రశ్న: తట్టేకాడ్‌ అడవిలో గంటసేపు నడిచినా ఒక్క పిట్ట కనిపించదంటారు. నిజమేనా?
– ఒక పాఠకుడు, ఒంగోలు

జవాబు: నిజమే, నడుస్తూనే ఉంటే. ఈ అడవిలో చాలా పిట్టలు రకరకాల జాతులు కలిసి గుంపుగా మేస్తూ సాగిపోతాయి. గుంపు రానంతసేపూ అడవి ఖాళీగా అనిపిస్తుంది, వచ్చిందా పది నిమిషాల్లో పది రకాలు. ముందు చెవి పెట్టాలి. మన గేదెల మీద వాలే పసులపోలిగాడి చుట్టమే, తోక చివర రెండు పొడుగాటి తీగలున్నది, ఈ గుంపుల్లో తరచుగా ఉంటుంది. మిగతావి లేపిన పురుగులను పట్టుకోవడం దాని పని. దాని గోల వినగానే ఆగిపోయి, కదలకుండా నిలబడండి. మలబార్ ట్రోగన్ మాత్రం కదలకుండా కూర్చుంటుంది. మగదానికి పొట్ట ఎర్రగా ఉన్నా వీపు మన వైపు తిప్పితే ఎదురుగానే ఉన్నా కనపడదు.

శ్రీలంక ఫ్రాగ్‌మౌత్ అనే రాత్రి పిట్ట పగలంతా ఎండుటాకులా కొమ్మకు అంటుకుని నిద్రపోతుంది. అది వాలే చోటు తెలిసిన గైడ్ లేకుండా దొరకదు, కాబట్టి గది కంటే ముందు గైడ్‌ను మాట్లాడుకోండి. దాని దగ్గర ఫ్లాష్ వేయకండి, ఫోన్‌లో కూత వినిపించకండి. పగటి నిద్ర చెడితే అది ఆ కొమ్మే వదిలేయవచ్చు.

ప్రశ్న: జలగల భయంతో తట్టేకాడ్‌ వెళ్లడానికి మా ఇంట్లో వెనకాడుతున్నారు.
– ఒక పాఠకురాలు, నెల్లూరు

జవాబు: జూన్ నుంచి సెప్టెంబరు దాకా ఎక్కువ. జనవరిలో తడి చోట్ల తప్ప అంతగా ఉండవు. ప్యాంటును మోకాలి దాకా వచ్చే దట్టమైన గుడ్డ మేజోళ్లలోకి దోపండి. పట్టుకుంటే ఉప్పు చల్లొద్దు, కాల్చొద్దు, కడుపులోది గాయంలోకి కక్కవచ్చు. సన్నటి కొస వైపు నోటి కిందికి గోరు జరిపి విడదీయండి. రక్తం గడ్డకట్టనివ్వని పదార్థం అది వదులుతుంది కనుక కాసేపు కారుతూనే ఉంటుంది. కంగారు పడకుండా కడిగి, గుడ్డతో అదిమి పట్టండి.